పేరు పడ్డ పోగు

సోమేశ్వరరావు మేష్టారికి దేవుడు నోరిచ్చాడు. ఇచ్చి ఊరుకున్నా బాగుండేది, ఆ నోటికి తగ్గ ఉద్యోగం కూడా ఇచ్చాడు. సుమ్మాదేవి స్టేషనులో దిగి కొబ్బరితోటల్లోంచి మైలున్నర నడిస్తే వాళ్ల ఊరు. నాలుగెకరాల జీడితోట, తిండికి సరిపడా వరి. తండ్రి కూర్మయ్య కొడుకుని చూసి, "ఈడు సెట్టెక్కక్కర్లేదురా. కిందన నిలబడి మాటాడితే కాయలే దిగొచ్చెత్తాయి" అనేవాడు. ఆ మాటల పుణ్యాన ట్రైనింగు పాసై, పన్నెండేళ్లు బడిలో పాఠాలు చెప్పి, మంచి పంతులనిపించుకున్నాడు.

రెండు వేల సంవత్సరం వేసవి సెలవులయ్యాక ఆయన్ని ఎమ్మార్పీగా వేశారు. సబ్బుపెట్టె మీద అచ్చేసే ధర కాదు లెండి, మండల రిసోర్స్ పర్సన్. మండలంలో బడులన్నీ తిరిగి, పాఠం చెప్పే తీరు మార్పించాలి. పంతులు బెత్తం పట్టుకుని చెబుతూంటే పిల్లలు చేతులు కట్టుకుని వినే కాలం పోవాలి. పిల్లలు గుంపులుగా కూర్చోవాలి, తమలో తాము మాట్లాడుకోవాలి, చేతులతో చేసి చూసి నేర్చుకోవాలి. ఈ సంగతి సోమేశ్వరరావుకి మనస్ఫూర్తిగా నచ్చింది. జీతం కోసం నమ్మిన మనిషి కాదు, నిజంగానే నమ్మాడు. నమ్మినవాడితోనే వస్తుంది తంటా అంతా.

మొదటి శిక్షణకి అరవైమంది పంతుళ్లొచ్చారు. టీచరు తక్కువ మాట్లాడాలి, పిల్లల చేత ఎక్కువ మాట్లాడించాలి అన్న విషయం మీద ఆయన ఏకబిగిన మూడు గంటలు మాట్లాడాడు. వెనక బెంచీలో గురక మొదలైంది. చివర్లో జోగారావు మేష్టారని ఓ పెద్దాయన లేచి, "బాగా సెప్పినారు బాబూ. మరి మా సేత ఎప్పుడు మాటాడిత్తారు?" అన్నాడు. హాలంతా గొల్లుమంది. సోమేశ్వరరావు కూడా నవ్వేశాడు, చురక మాత్రం తగల్లేదు. ఇంటికెళ్లి భార్య లావణ్యకి అదే ఉపన్యాసం మొదలెడితే, "కూర మాడిపోతంది, నన్నొగ్గేయండి మా నాయనా" అని ఆవిడ వంటింట్లోకి పోయింది.

ఆయన తిరగాల్సిన బడుల్లో ఒకటి పాతరేవుపేటది. బారువ దాటి ఇసకదారిన టీవీయస్ ఫిఫ్టీని సగం తోలి సగం తోసుకుంటూ వెళ్లాలి. సముద్రంలో చేపలు వేటాడి బతికే కుటుంబాలు ఎనభై. ఒక గది, ఒక వరండా, ఒక్కరే టీచరు, నలభై ఎనిమిది మంది పిల్లలు. ఆ టీచరు పేరు సూరమ్మ. ఆ ఊరి ఆడపిల్లే. పేటలో పదో తరగతి పాసైన మొదటి ఆడమనిషి. సన్నగా, నల్లగా, గట్టి గొంతుతో ఉంటుంది. ఆవిడ బడి ఎంత నిశ్శబ్దంగా ఉండేదంటే, కిటికీలోంచి సముద్రపు హోరు తప్ప ఇంకేమీ వినబడేది కాదు. పిల్లలు వరసలు కట్టి, పలకల మీదకి వంగి, తలెత్తకుండా రాసుకునేవారు.

సోమేశ్వరరావుకి ఆ నిశ్శబ్దం చూసి ప్రాణం ఉసూరుమంది. శిక్షణలో చేయించిన చార్టులూ అట్టబొమ్మలూ ఏవని అడిగితే, సూరమ్మ ట్రంకుపెట్టె తెరిచి చూపించింది. పాత చీరలో చుట్టి, కలరా ఉండలేసి మరీ దాచింది. ఒక్కదానికీ పిల్లాడి చెయ్యి తగల్లేదు.

"ఇదేటండీ సూరమ్మ గారూ, పెళ్లి పట్టుచీరలా దాసినారు?"

"పాడైపోతాయని మేస్టారూ."

"పాడవ్వాలండీ! పాడైతేనే పిల్లలు నేర్చుకున్నట్టు!"

ఆ రోజంతా ఆయనే పాఠం చెప్పి చూపించాడు. పిల్లల్ని గుండ్రంగా కూర్చోబెట్టి పాటలు పాడించాడు, ఏనుగులా నడిపించాడు, కప్పల్లా గెంతిస్తూ ఎక్కం చెప్పించాడు. పిల్లలు ఇరగబడి నవ్వారు. నాలుగో తరగతి చదివే సంతోషి అయితే కళ్లనీళ్లొచ్చేదాకా నవ్వింది. బడికంతటికీ చురుకైన పిల్ల, లెక్క నోటితో చెప్పేలోపు పలక మీద వేసేసేది. సూరమ్మ గుమ్మం దగ్గర నిలబడి పిల్లల వైపు కాకుండా వీధి వైపే చూస్తూ ఉంది. ఆ చూపు ఆయన గమనించలేదు. వెళ్తూ వెళ్తూ సందర్శకుల పుస్తకంలో పేజీన్నర రాశాడు. ఇకనుంచి వరసలు వద్దనీ, రోజుకి రెండు ఆటలైనా ఆడించాలనీ, పదిహేను రోజుల్లో మళ్లీ వచ్చి చూస్తాననీ. సూరమ్మ చదివి సంతకం పెట్టింది.

పదిహేనో రోజున వెళ్లేసరికి బడి పలచగా కనబడింది. తలలు లెక్కపెట్టాడు. ముప్ఫై ఒక్కటి. హాజరుపట్టీ తీసి చూస్తే మొదటి వారం ఏడుగురు, రెండో వారం పదిమంది మానేశారు. అందులో పదకొండుమంది ఆడపిల్లలు. సంతోషి కూడా లేదు.

"ఏటైనాదండీ? జొరాలేటైనా తిరుగుతన్నాయా?"

"జొరాలు కావు మేస్టారూ. మీరు రాసినట్టే సేసినాను. రోజుకి రెండాటలు ఆడించినాను." సూరమ్మ గొంతులో కోపం లేదు. ఉంటే ఆయనకి కొంత తేలిగ్గా ఉండేది. "నాను ఈ బడికి వచ్చి ఆరేళ్లు. తొలీత ఎంతమందో తెలుసా? తొమ్మిది. పొద్దున్నే ఒడ్డుకెల్లి, ఒకో తల్లి కాడా ఒకో తండ్రి కాడా నిలబడి మాటిచ్చినాను. 'నా బడిలో ఆట ఉండదు. నీ పిల్ల సేత పని సేయిత్తాను. ఒడ్డుమీద సేసిన పనికంటే ఎక్కువే సేయిత్తాను' అన్నాను. ఆ మాటమీద పంపినారు. ఈళ్లకి ఆడపిల్ల చేతిలో పని నేకపోతే సూళ్లేరు. ఇప్పుడు కిటికీలోంచి నవ్వులూ గెంతులూ సూసినారు. 'ఆడుకోడానికి బడెందుకు? ఒడ్డున ఇసక నేదా?' అని తీసుకెల్లిపోనారు."

సోమేశ్వరరావు హాజరుపట్టీ మూసేశాడు. "ఇదంతా ఆవేళే సెప్పలేదేటండీ?"

"మీరడగనేదు మేస్టారూ."

అదీ దెబ్బంటే. అరవైమంది నవ్వినా తగలనిది, ఆ ఒక్క మాటతో గుండెలో దిగబడింది. ఆరేళ్ల పాటు ఒక్కొక్కరినీ బతిమాలి పోగుచేసిన పిల్లల్ని, పేజీన్నర రాతతో పదిహేను రోజుల్లో చెదరగొట్టేశాడు. పైగా పిల్లల మేలు కోరి.

అయినా పుట్టుకతో వచ్చిన బుద్ధి ఒక్క దెబ్బకి పోతుందా? తన మాటవల్ల పోయిన పిల్లల్ని తన మాటతోనే తెస్తానని బయల్దేరాడు. ముందుగా సంతోషి ఇంటికి వెళ్లాడు. తల్లీతండ్రీ గుజరాత్‌లో కాండ్లా రేవుకి పనికి పోతే, ఆ పిల్లని పెంచుతున్నది నాయనమ్మ నూకాలమ్మ. తెల్లారకముందే తట్ట నెత్తికెత్తుకుని ఊళ్లమ్మట చేపలమ్మే మనిషి. సంతోషి గుమ్మం ముందు నెత్తళ్ల చేపలు ఎండబోస్తోంది. మేష్టారిని చూసి లేచి నిలబడి, వెంటనే తల దించుకుంది. ఆయన ఆటపాటల ద్వారా విద్య గురించి పావుగంట చెప్పాడు. నూకాలమ్మ చుట్ట ఆర్పి అంతా ఓపిగ్గా వింది.

"నువ్వు మాటకారివి బాబూ. నీ నోట్లో నువ్వుగింజ నానదు గావాల. గానీ కప్పలాగ గెంతడం నేర్చుకోడానికి మా గుంట సంతోషి బడికెల్లక్కర్నేదు. రేపట్నుంచి నాకూడా తట్ట పట్టుకుని వత్తాది. దానికి ఓ చిన్న తట్ట కొన్నాను" అంది.

చిన్న తట్ట చూరులోంచి వేలాడుతోంది, కొత్తది. నెత్తికెక్కిందంటే ఇక దిగదని ఆయనకి తెలుసు.

ఒడ్డుకి వెళ్లాడు. వెనకాలే సూరమ్మ కూడా వచ్చింది, ఈ మనిషి ఇంకేం చెడగొడతాడో అని. అక్కడ పెద్దవల లాగుతున్నారు. రెండు మోకులు, మోకుకి పాతికమంది. ఎల్లాజీ అనే పెద్దమనిషి మోకు పట్టుకుని అడుగులు వేయిస్తున్నాడు. సోమేశ్వరరావు ఆయన పక్కన చేరి మళ్లీ ఉపన్యాసం ఎత్తుకున్నాడు. ఎల్లాజీ ఇటు తిరక్కుండానే, "మేస్టారూ, నోటితో వల రాదు. ఒట్టిసేతుల్తో నిలబడక ఓ పట్టు పట్టండి" అన్నాడు. పట్టాడు. జీడిపిక్కలు ఏరిన చేతులకి ఉప్పుమోకు ఎక్కడ అలవాటు? అరగంటకి అరచేతులు బొబ్బలెక్కాయి. ఊపిరందక మాట కూడా ఆగిపోయింది.

వల ఒడ్డుకొచ్చాక చేపల్ని పోగులు పెట్టారు. లాగినవాళ్లకి ఒక్కో పోగు. వల ఉన్నవాడికి వేరే. జ్వరంతో ఇంట్లో పడుకున్నవాడికీ, మొగుడు పోయిన మనిషికీ కూడా పోగులున్నాయి. ఇసక మీద అరవైకి పైగా లేచాయి. ఒక ముసలాయన పోగుల వైపు వీపు పెట్టి, సముద్రం వైపు చూస్తూ గొంతుక్కూర్చున్నాడు. ఎల్లాజీ ఒక పోగు మీద వేలు పెట్టి, "ఇదెవులిది?" అని అడిగాడు. ముసలాయన చూడకుండానే ఒక పేరు చెప్పాడు. ఆ పోగు ఆ మనిషిది. ఇంకోటి. ఇంకో పేరు. చిన్న పోగు పడ్డవాడు మూతి ముడవలేదు, పెద్దది పడ్డవాడు మురవలేదు. చూడనివాడి నోట పడ్డ పేరుకి ఎవరేమంటారు?

సోమేశ్వరరావుకి ముచ్చటేసింది. పొలంగట్ల మీద పెరిగినవాడు, చేపలు కొనుక్కుపోవడమే గాని పంపకం దాకా ఎప్పుడూ ఆగినవాడు కాదు. "భలే ఆటండీ ఇది!" అనేశాడు.

చుట్టూ ఉన్న అందరూ తిరిగి చూశారు. ఎల్లాజీ మొహం గంటు పెట్టుకున్నాడు. "ఆటేటి? పోగులేసేది ఆటేటి? పేరు పడ్డ పోగు ఆడి ఇంటికి సేరాల. ఆడు వద్దన్నా సేరాల, ఊర్లో నేకపోయినా ఇంటికాడ దించాల. కాదంటే వల అలిగిపోద్ది. మా తాతలనాటి నాయం మేస్టారూ. ఆటంట!"

ఆయన తప్పయిపోయిందని చెంపలేసుకున్నాడు. సిగ్గుతో తిరిగి చూస్తే, సూరమ్మ ఆ పోగుల వైపే రెప్పవెయ్యకుండా చూస్తోంది. ఏదో చెప్పబోయాడు. ఎందుకో ఆగాడు. బొబ్బలెక్కిన చేతుల్ని ఊదుకుంటూ, "సూరమ్మ గారూ, మీరేటనుకుంటన్నారు?" అన్నాడు.

అలా అడిగినవాడు ఆ ఉద్యోగంలో ఆవిడకి అంతవరకూ తగల్లేదు. "నాకో వారం వగ్గేయండి. ఈ వారం మీరు రాకండి. పుస్తకంలో ఏటీ రాయకండి" అంది.

ఆ వారం సోమేశ్వరరావు పడ్డ యాతన ఇంతా అంతా కాదు. రెండుసార్లు బారువ దాకా వచ్చి, టీ తాగి, వెనక్కి తిరిగాడు. లావణ్య, "ఒంట్లో బాగోలేదేటండీ? మాటే వినబడ్డం నేదు" అని నుదురు తడిమి చూసింది.

వారం దాటాక వెళ్లి వరండాలో చప్పుడు చెయ్యకుండా కూర్చున్నాడు. లోపల నేల మీద పలకలు వరసగా బోర్లించి ఉన్నాయి. ఒక్కో పలక అడుగున ఒక్కో ప్రశ్న. రెండో తరగతి చదివే భాను అనే చిన్నపిల్ల గోడ వైపు మొహం పెట్టి గొంతుక్కూర్చుంది. సూరమ్మ పలక మీద వేలు పెట్టి, "ఇదెవులిది?" అంది. "బాలకృష్ణది!" ఆ అబ్బాయి లేచి రెండు చేతులతో పలక తీసుకుని తన జట్టులోకి వెళ్లాడు. ఒకే మోకు లాగినవాళ్లలాగా ఆ జట్టు అయిదుగురూ దాని మీదకి వంగారు. "ఇలక్కాదురా", "అలగైతే మూడు మిగిలిపోతన్నాయి సూడు" అని తగువులాడుకుంటూ, చెరిపి, మళ్లీ రాస్తున్నారు. వెనకబడ్డ పిల్లాడు దాక్కోడానికి లేదు, చూడనివాళ్ల నోట పేరు పడిపోయిందాయె. టీచరు కావాలని పట్టుకుందనే ఏడుపూ లేదు. గదినిండా మాటలు. ఆయన శిక్షణలో గంటలకొద్దీ చెప్పినదంతా అక్కడ కళ్లముందు జరుగుతోంది. ఒక్కటే తేడా, ఎవరూ గెంతడం లేదు.

కిటికీ దగ్గర ఇద్దరు మగవాళ్లు నిలబడి చూస్తున్నారు. పంపకం సరిగ్గా జరుగుతోందా లేదా అని చూసే చూపు అది. చూసి, తలాడించుకుంటూ వెళ్లిపోయారు. మర్నాటి నుంచి పిల్లలు ఒకరూ ఇద్దరూ రావడం మొదలెట్టారు. సూరమ్మ తొందరపడలేదు. మొదట లెక్కలకే పోగులు వేసింది. నెలకి తెలుగుకి వేసింది. తర్వాత ప్రశ్నలు కూడా పిల్లల చేతే రాయించింది. ట్రంకులో చార్టులు ఒకటీ ఒకటీ బయటికొచ్చాయి. దసరా సెలవులయ్యేసరికి పదహారుమంది తిరిగొచ్చారు. రానిది ఒక్క సంతోషి. పొద్దున్నే ఆ పిల్ల చిన్న తట్ట నెత్తిన పెట్టుకుని నాయనమ్మ వెనక నడిచిపోవడం సోమేశ్వరరావు దారిలో రెండుసార్లు చూశాడు. రెండోసారి బండి దిగి చెట్టు చాటున నిలబడి ఏడ్చాడు. పదహారు వచ్చాయిగా అని ఎవరైనా అనొచ్చు. పోగొట్టినవాడికి పదిహేడోదే కనిపిస్తుంది.

కార్తీకమాసంలో ఒక మధ్యాహ్నం ఆయన వరండాలో ఉండగా మళ్లీ భాను వంతొచ్చింది. నాలుగో తరగతి పలకని చెప్పి, దాని మీద వేలు పెట్టి సూరమ్మ "ఇదెవులిది?" అంది.

"సంతోషిది!"

మునుపు బడిలో రోజూ వినబడే పేరు కదా, పిల్లదానికి అలవాటుగా నోట్లోంచి వచ్చేసింది. వెనక్కి తిరిగి నాలిక కరుచుకుంది. సోమేశ్వరరావు ఆగలేక గుమ్మంలోకొచ్చి, "పర్లేదమ్మా, ఇంకో పేరు..." అనబోయాడు. సూరమ్మ చెయ్యెత్తి ఆపింది.

"పేరు పడిపోనాది మేస్టారూ."

నలుగురు పిల్లలు లేచి ఆ పలకని తలా ఒక చెయ్యీ వేసి పట్టుకున్నారు. ఎండలో, ఇసకలో, నూకాలమ్మ ఇంటి దాకా నడిచారు. వెనక సూరమ్మ, ఆ వెనక సోమేశ్వరరావు. నూకాలమ్మ అప్పుడే ఊళ్లు తిరిగొచ్చి గుమ్మంలో కాళ్లు చాపుకుని కూర్చుంది.

"ఏటిది? తీర్తంలాగ వచ్చినారు?"

"సంతోషి పోగు మామ్మా" అన్నాడు బాలకృష్ణ. "పేరు పడ్డాది."

నూకాలమ్మ మొహంలో కోపం లేచింది, "పలకేటి, పోగేటి..." అని సగంలో ఆగిపోయింది. నలభై ఏళ్లుగా వల దగ్గర చెయ్యి చాపి పోగు అందుకున్న మనిషి. మొగుడు పోయిన ఏడాదంతా ఆ పేరు పడ్డ పోగుతోనే పిల్లల్ని సాకింది. వద్దనడానికి నోరు రాలేదు. చేతులు చీరకి తుడుచుకుని, రెండు చేతులా పలక అందుకుంది. అందుకున్నాక ఏం చెయ్యాలో తెలియక మేష్టారి వైపు చూసింది.

"ఇందల ఏటున్నాది బాబూ?"

సోమేశ్వరరావు నోరు తెరిచాడు. మూసేశాడు. సంతోషి వైపు చూశాడు.

సంతోషి నాయనమ్మ భుజం మీంచి వంగి, కూడబలుక్కోకుండా గడగడా చదివింది. "మన ఒడ్డున మునుపు దొరికి ఇప్పుడు దొరకని చేప ఏది? అది ఎలా ఉండేది? పెద్దల్ని అడిగి చెప్పండి."

"పెద్దలంటే ఎవులే?"

"నువ్వే మామ్మా."

నూకాలమ్మని అంతవరకూ చేప ఎంత అని అడిగినవాళ్లే గాని, చేప ఎలా ఉండేదని అడిగినవాళ్లు లేరు. "ఓలమ్మ, రంపంమూతి సేప!" అంది ఉన్నట్టుండి. లేచి నిలబడింది. చేతులు బార చాపింది. దాని ముక్కు ఇంత పొడుగుండేదనీ, రెండు పక్కలా పళ్లుండేవనీ, వలలో పడితే వలంతా కోసేసేదనీ, తన చిన్నప్పుడు దాని ముక్కు తెచ్చి అమ్మవారి గుడిలో కట్టేవారనీ చెప్పుకుపోయింది. పిల్లలు నేల మీద కూర్చుండిపోయారు. సోమేశ్వరరావు కూడా ఇసకలో చతికిలబడ్డాడు. సంతోషి పలక ఒళ్లో పెట్టుకుని ఒక్కొక్క ముక్కా రాసుకుంటోంది. పలక నిండిపోయింది. ఇంకో పలక కోసం బాలకృష్ణ బడికి పరిగెత్తాడు.

మర్నాడు పొద్దున్న బడి గంట కొట్టకముందే నూకాలమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. నెత్తిన తట్ట ఒక్కటే. చేత్తో సంతోషి రెక్క పట్టుకుంది.

"సూరమ్మా, రోజూ పేరు పడ్డం, మీరా పలక మోసుకురావడం, నా తట్ట ఆగిపోవడం... ఇది కుదిరీ పని కాదు" అంది. మనవరాలిని గుమ్మం లోపలికి ఒక్క తోపు తోసింది. "ఇదిగో, మడిసినే అట్టుకోండి."